ఐఎస్ఓ 50 నాటి మద్రాసు

మైలాపూర్‌లో మాకు ఫొటో ప్రింట్లు వేసిచ్చిన ల్యాబ్ అన్న పోయాడని పోయిన వారం పాత స్నేహితుడు ఫోన్ చేసి చెప్పాడు. ల్యాబ్ మూతపడి చాలా కాలమైంది. ఆ షాపులో ఇప్పుడు సెల్‌ఫోన్ కవర్లు అమ్ముతున్నారట. ఫోన్ పెట్టేశాక అటక మీది అట్టపెట్టె దించి ప్రింట్లన్నీ మంచం మీద పరిచాను. ప్రతి కవరు మీదా ల్యాబ్ అన్న చేత్తో తమిళంలో రాసిన నా పేరు.

వాళ్ల కుటుంబం కొన్ని తరాలుగా మద్రాసులోనే ఉంది. ఇంట్లో మాట్లాడేది తెలుగే, చదవడం రాయడం మాత్రం తమిళం. "ఏం తమ్ముడూ, భోంచేస్తివా?" అని పలకరించేవాడు. నెల్లూరు నుంచి వెళ్లి హోటల్ మెస్సుల్లో తింటూ బతుకుతున్న నాకు ఆ మాట వింటే ప్రాణం లేచొచ్చేది.

ఆ ల్యాబ్ అంటే నాకు ముందు గుర్తొచ్చేది మందుల ఘాటు వాసన. తర్వాత ప్రింటింగ్ మెషిన్ హోరు. తర్వాత, తడి లేకుండా వెచ్చగా బయటికొచ్చిన ప్రింట్లు ట్రేలో ఒకదాని మీద ఒకటి జారిపడే చప్పుడు. గోడకి నీలం తెర, పాస్‌పోర్ట్ ఫొటోకి వచ్చేవాళ్ల కోసం చిన్న అద్దం, దువ్వెన, పౌడర్ డబ్బా. ఫిల్మ్ రోల్స్ ఇంకా వస్తూనే ఉండేవి, కానీ మాలాంటి వాళ్లు మెమరీ కార్డులు పట్టుకుని రావడం మొదలైంది. ఆయన కార్డు తీసుకుని కంప్యూటర్లో పెట్టి, స్క్రీన్ మీద ఫొటోలు చూసి ఏమీ అనేవాడు కాదు. ప్రింటు చేతికొచ్చాక, షాపు బయటికి నడిచి ఎండలో పట్టుకుని చూసి, అప్పుడు మాట్లాడేవాడు. "స్క్రీన్‌కి లోపలినుంచి లైట్ ఉంటుంది తమ్ముడూ, అన్నీ బాగానే కనపడతాయి. కాగితం మీద నిలబడితేనే ఫొటో."

నాకు ఫొటో క్వాలిటీ గురించి తెలిసినదాంట్లో చాలా భాగం ఆ షాపు ముందు ఫుట్‌పాత్ మీద నేర్చుకున్నదే.

*

అప్పుడు నేను తిరువల్లికేణిలో ఒక మ్యాన్షన్‌లో ఉండేవాణ్ణి. పెళ్లికాని మగవాళ్లకి గదులిచ్చే ఆ మ్యాన్షన్ల గురించి మద్రాసులో ఉద్యోగం చేసిన తెలుగువాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. ఉద్యోగం గిండీ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో. పక్క గదిలో గూడూరు అబ్బాయి, కింది అంతస్తులో స్కూల్లో ఫిజిక్స్ చెప్పే ఒంగోలు మాస్టారు. ముగ్గురికీ కెమెరా పిచ్చి. లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరా, ఎస్ఎల్ఆర్, కొనే స్తోమత ఎవరికీ లేదు.

నా కెమెరా 2005లో వచ్చిన మోడల్. 7.1 మెగాపిక్సెల్, 4 రెట్ల జూమ్, బయటికి తిప్పుకోగలిగే రెండంగుళాల తెర. రిచీ స్ట్రీట్‌లో షాపులన్నీ తిరిగాం. బర్మా బజార్‌లో బిల్లు లేకుండా తక్కువకే ఇస్తామన్నారు కానీ మాస్టారు ఒప్పుకోలేదు. షాపుల్లో ఎక్కడికెళ్లినా ఒకటే పాట: "సెవెన్ మెగాపిక్సెల్ సార్, సూపర్ క్లారిటీ." డబ్బా మీద అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో ఉండేది ఆ అంకె ఒక్కటే. మాస్టారు మాత్రం షాపువాడిని సెన్సార్, అంటే లోపల వెలుతురుని పట్టే చిప్పు, ఎంత పెద్దదని అడిగేవారు. అతనికి తెలియదు. మాన్యువల్ పుస్తకం అడిగి, వెనక పేజీల్లో వెతికి, ఆయనే చదివి చెప్పారు: "1/1.8 అంగుళం టైపు. తీసుకో, పర్లేదు. 1/2.5 కన్నా పెద్దది, మెరుగు."

ఆ కెమెరాకి నాలుగు పెన్సిల్ సెల్స్ కావాలి. కిరాణా కొట్లో దొరికే మామూలు సెల్స్ వేస్తే కాసేపటికే ఎర్ర గుర్తు మెరిసేది. అందుకని రీచార్జబుల్ సెల్స్, ఒక చార్జర్. గదిలో ఉన్నది ఒక్కటే ప్లగ్గు. శనివారం రాత్రి ఆ ప్లగ్గు నాదని రూమ్మేట్‌తో ఒప్పందం. అతను ఇస్త్రీ పెట్టె పట్టుకుని చార్జర్ మీద ఆకుపచ్చ లైటు వెలిగేదాకా ఎదురుచూసేవాడు.

*

ఆదివారం తెల్లవారుజామున ముగ్గురం మెరీనాకి నడిచి వెళ్లేవాళ్లం. ఇసుక చల్లగా ఉండేది. పడవలు లాగేవాళ్లు, వలలు విదిలించేవాళ్లు, గుర్రాలవాళ్లు, కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకునేవాళ్లు. సూర్యుడు సముద్రంలోంచి పైకి రాగానే కెమెరా తెర మీద, సూర్యుడి మీదుగా పైకీ కిందికీ ఒక నిలువు గీత పడేది. మొదటిసారి చూసి కెమెరా పాడైందని గూడూరు అబ్బాయి కంగారుపడ్డాడు. అప్పటి చిన్న కెమెరాల్లో ఉండే సీసీడీ రకం సెన్సార్ గుణం అది. మితిమీరిన వెలుతురు పడ్డచోట అందులో కొంత, పిక్సెళ్ల ఎలక్ట్రాన్లని మోసుకెళ్లే నిలువు దారిలోకి కారి ఆ వరస అంతా గీత పెడుతుంది. క్లిక్ కొట్టాక లోపలి షట్టర్ మూసుకుంటుంది కాబట్టి ఫొటోలో ఆ గీత ఉండేది కాదు, వీడియోలో మాత్రం ఉండిపోయేది.

అసలు ఇబ్బంది వేరే. కంటికి నారింజ రంగులో కనిపించే ఆకాశం ఫొటోలో సూర్యుడి చుట్టూ పసుపై, ఆ లోపల ఉత్త తెల్ల మచ్చ అయ్యేది. ఎరుపు చానల్, అంటే ఎరుపు వెలుతురుని కొలిచే పిక్సెళ్లు, ముందు నిండిపోతుంది. ఆ తర్వాత ఆకుపచ్చ కూడా నిండిపోతే రంగు చచ్చిపోతుంది. చిన్న పిక్సెల్ చాలా త్వరగా నిండుతుంది. నిండిపోయిన తెలుపులో ఏ సాఫ్ట్‌వేర్‌కీ ఏమీ దొరకదు. అందుకే మాస్టారు ఎక్స్‌పోజర్ ఎప్పుడూ మైనస్ రెండు మూడో వంతుల్లో, అంటే వెలుతురు కాస్త తక్కువ పడేలా, పెట్టించేవారు. "నీడలు పోతే పోనీ, వెలుగు పోగొట్టుకోవద్దు" అనేవారు. అలా తీసిన ఒక ప్రింటు ఇప్పుడు నా ఎదురుగా ఉంది. పడవ నల్లగా ఉంది, మనుషులు నల్లగా ఉన్నారు. వెనక ఆకాశం రంగు నారింజ నుంచి బూడిద దాకా ఎక్కడా తెగకుండా మెల్లమెల్లగా దిగుతోంది. ఇంతకన్నా ఖరీదైన కెమెరాలతో తర్వాత చాలా సూర్యోదయాలు తీశాను. ఈ ప్రింటు వాటి పక్కన తలెత్తుకుని నిలబడుతుంది.

మధ్యాహ్నం కపాలీశ్వరుడి గోపురం తీసినప్పుడు మాత్రం బొమ్మల అంచుల్లో ఊదారంగు గీతలొచ్చేవి. తెల్లటి ఆకాశం ముందు నల్లటి అంచు ఎక్కడున్నా ఇదే గొడవ. కొబ్బరాకులైతే ఇంకా ఘోరం. మ్యాక్సీ సైజు, అంటే 4 బై 6 అంగుళాల ప్రింటులో కంటికి ఆనేది కాదు గానీ, పెద్దది వేయిస్తే తెలిసిపోయేది. ల్యాబ్ అన్న దాని మీద వేలుపెట్టి, "పొద్దున్నే పో తమ్ముడూ, గోపురం యాడికీ పోదు" అన్నాడు. పొద్దున ఎండ గోపురం మీద ఏటవాలుగా పడే వేళకి వెళ్లడం అప్పట్నుంచీ అలవాటైంది. ఆకాశం నీలంగా ఉన్నప్పుడు ఆ ఊదా అంచు దాదాపు మాయమయ్యేది.

*

ఒక రోజు వర్షం. మ్యాన్షన్ మెట్ల మీద కూర్చుని మాస్టారు నోటుబుక్కులో బొమ్మ గీశారు. 35 ఎంఎం ఫిల్మ్ ఫ్రేమ్ 36 మిల్లీమీటర్ల పొడవు, 24 ఎత్తు. దాని మూలలో మా కెమెరా సెన్సార్, 7.2 పొడవు, 5.3 ఎత్తు. చిటికెన వేలి గోరంత. వైశాల్యంలో ఫిల్మ్ 22 రెట్లు పెద్దది. ఆ గోరంత చోట్లో 70 లక్షల పిక్సెళ్లు. అంటే ఒక్కో పిక్సెల్ వెడల్పు సుమారు 2.3 మైక్రాన్లు.

తర్వాత, పట్టిన వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే ఐఎస్ఓ అంకె గురించి చెప్పారు. "ఐఎస్ఓ పెంచితే వెలుతురు పెరగదు" అని అన్నారు ఆయన. "పడిన కాస్త వెలుతురునీ యాంప్లిఫై చేస్తుందంతే. దాంతోపాటు అందులో ఉన్న గోల కూడా పెరుగుతుంది."

నా కెమెరాలో ఐఎస్ఓ 50 నుంచి 400 వరకే ఉండేది. 50లో ఫొటో నీళ్లంత శుభ్రం. 100లో కూడా ఏ పేచీ లేదు. 200లో నీడల్లో ఇసుక రాలినట్టు మొదలయ్యేది. 400లో నల్లటి జుట్టులో ఎర్ర చుక్కలు, ఆకుపచ్చ చుక్కలు. వాటిని చెరపాలని కెమెరాయే లోపల సాఫ్ట్‌వేర్‌తో రుద్దేది. చుక్కలతోపాటు వెంట్రుకలూ, చీర నేతా, ముగ్గు పిండి రవ్వలూ కూడా పోయేవి. నాకు నాయిస్ మీద, అంటే ఆ చుక్కల మీద, పెద్ద కోపం ఉండేది కాదు, ఈ రుద్దుడు మీదే ఉండేది. చుక్కలున్నా మనిషి మనిషిలాగే ఉంటాడు. రుద్దేశాక మైనపు బొమ్మ అవుతాడు.

*

తమిళుల తై నెలలో, అంటే జనవరి-ఫిబ్రవరిలో, మైలాపూర్ కోనేట్లో తెప్పోత్సవం మూడు రాత్రులు జరుగుతుంది. చిన్న కెమెరాకి అంతకన్నా పెద్ద పరీక్ష మద్రాసులో లేదనుకుంటాను. చుట్టూ చీకటి, మధ్యలో వేల బల్బులతో తెప్ప, నీళ్లలో దాని నీడ. మెట్ల మీద జనం, నాదస్వరం, మల్లెపూల వాసన, సాంబ్రాణి. ట్రైపాడ్ పెట్టే చోటు ఉండదు, పెట్టినా ఎవరో ఒకరు తన్నుకుంటారు.

నేను చేతిరుమాలు నాలుగు మడతలు పెట్టి రాతిగట్టు మీద వేసి, దాని మీద కెమెరా ఆనించి, తెరని పైకి తిప్పుకుని, రెండు సెకన్ల టైమర్ పెట్టేవాణ్ణి. ఐఎస్ఓ 50, షట్టర్ చాలా సెకన్లు. ఫొటో అయ్యాక కెమెరా మళ్లీ అంతసేపూ పలకదు. షట్టర్ మూసుకుని ఒక చీకటి ఫ్రేము తీసుకుని, వేడికి మెరిసే పిక్సెళ్లని అసలు ఫొటోలోంచి తీసివేస్తుంది. ఆలోపు తెప్ప మలుపు తిరిగిపోయేది. ఒక రాత్రికి చేతికి దక్కేది ఏ కొన్ని ఫొటోలో. కానీ ఆ కొన్నిట్లో నీళ్ల మీద వెలుగు దారాలుగా సాగి ఉండేది, గోపురం మీది ప్రతి బొమ్మా విడివిడిగా కనిపించేది. ఆకాశం నిజంగా నల్లగా ఉండేది.

గూడూరు అబ్బాయి అప్పటికే ఫ్యూజీఫిల్మ్ ఫైన్‌పిక్స్ ఎఫ్30 కొన్నాడు. 2006లో వచ్చింది. కేవలం 6 మెగాపిక్సెల్ అని షాపువాళ్లే దాన్ని తక్కువగా చూసేవారు. అందులో సూపర్ సీసీడీ అని వాళ్ల సొంత సెన్సార్, ఐఎస్ఓ 3200 దాకా. అతను మెట్ల మీద తిరుగుతూ చేత్తోనే తీశాడు. ఒక ముసలావిడ తెప్ప వైపు చూస్తూ చేతులు జోడించిన ఫొటో, ఐఎస్ఓ 800లో. మర్నాడు ల్యాబ్ అన్న మా ఇద్దరి ప్రింట్లూ పక్కపక్కన పెట్టాడు. ఆవిడ ముఖం మీద ముడతలున్నాయి, ముక్కుపుడక మెరుపుంది, చెంప మీద తెప్ప లైట్ల పసుపుంది. నా కెమెరా కలలో కూడా తీయలేని ఫొటో అది. అన్న చాలాసేపు చూసి, "ఈ పాటిని (అవ్వని) నాకు తెలుసు, పూలు అమ్ముద్ది" అన్నాడు. ఆవిడ కోసమని ఇంకో కాపీ వేశాడు, డబ్బులు తీసుకోలేదు.

డబ్బా మీది అంకెకీ ఫొటోకీ ఎంత తక్కువ సంబంధముందో ఆ రోజు ఆ టేబుల్ మీద కళ్లారా చూశాను.

*

పగటిపూట మా చిన్న సెన్సారే మాకు వరం. లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కుకి వెళ్లేవాణ్ణి. అమృతాంజనం, ఆంధ్రపత్రికల కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు మీదున్న పార్కు. తెలుగువాడికి అక్కడ కూర్చుంటే సొంత పెరట్లో కూర్చున్నట్టుంటుంది. మాక్రోలో పెడితే లెన్స్ ముందు ఒక్క సెంటీమీటరు దూరంలో ఉన్నదాన్ని కూడా పట్టేది. తెర తిప్పుకుని కెమెరాని గడ్డిలో దించేస్తే చాలు, నేల మీద పాకాల్సిన పనిలేదు. పెద్ద కెమెరాతో అంత దగ్గరగా తీస్తే చీమ కన్ను మాత్రం స్పష్టంగా ఉండి కాళ్లు మసకేస్తాయి. మాకు చీమా, అది మోస్తున్న మెతుకూ, దాని కింద ఆకు ఈనెలూ అన్నీ వచ్చేవి. ఇంకా లోతు దాకా స్పష్టంగా రావాలని లెన్స్ రంధ్రాన్ని చిన్నది చేసి ఎఫ్ 8 పెడితే మాత్రం మొత్తం మెత్తబడిపోయేది. అంత చిన్న రంధ్రంలో వెలుతురు చెదిరిపోతుంది. రంధ్రం ఇంకాస్త పెద్దగా ఉండే ఎఫ్ 4 దగ్గర లెన్స్ కత్తిలా పనిచేసేది.

కాశిమేడు హార్బర్‌లో ఇంకో లాభం. చేతిలో చిన్న డబ్బా చూసి ఎవరూ బిగుసుకుపోరు. మీన్లు వేలం వేసే అక్క నా వైపు చూసి నవ్వి మళ్లీ వేలంలో పడిపోయేది. బటన్ నొక్కిన క్షణానికీ ఫొటో పడే క్షణానికీ మధ్య ఎడం ఉండేది కాబట్టి సగం నొక్కి ఫోకస్ ముందే పట్టుకుని, ఆవిడ చెయ్యి పైకి లేవబోతుండగానే పూర్తిగా నొక్కేవాణ్ణి.

పులికాట్, నేలపట్టు కూడా వెళ్లాం. ఫ్లెమింగోలు తెల్ల చుక్కలుగా వచ్చాయి. 4 రెట్ల జూమ్‌కి పక్షులు అందవు, అంతే.

మద్రాసు గాలి గురించి కూడా చెప్పాలి. ఏసీ గదిలోంచి బయటికొస్తే లెన్స్ మీద ఆవిరి కమ్మేసేది, అది ఆరేదాకా ఆగాల్సిందే. ఉప్పుగాలికి, తేమకి మాస్టారి కెమెరా లెన్స్ లోపల బూజు పట్టింది, సన్నటి దారాల్లాగా. ఫొటోలన్నిటి మీదా పల్చటి పొగ. కాంపాక్ట్ లెన్స్ విప్పి తుడిచేవాళ్లు దొరకలేదు. కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు అప్పట్నుంచీ అందరం దాచుకునేవాళ్లం.

*

ఆ తర్వాత కెమెరాల్లో అంకెలు పిచ్చిగా పెరిగాయి. సెన్సార్ అదే గోరంత, దాంట్లోనే 10, 12, 14 మెగాపిక్సెళ్లు. 2008లో కేనన్ జీ10 14.7 మెగాపిక్సెళ్లతో వచ్చింది. మరుసటి ఏడాది అదే కంపెనీ జీ11నీ, ఎస్90నీ 10 మెగాపిక్సెళ్లకి తగ్గించి తెచ్చింది. ఆ వార్త చదివి మాస్టారు మ్యాన్షన్‌లో అందరికీ టీ ఇప్పించారు. ఒక పెద్ద కంపెనీ వెనక్కి అడుగేసి, క్వాలిటీ కోసమే తగ్గించామని ఒప్పుకోవడం మాకు పండగలా అనిపించింది. మ్యాక్సీ ప్రింటుకి 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, కావాల్సింది 22 లక్షల పిక్సెళ్లు కూడా కాదు. నా 7.1తో 10 అంగుళాల ప్రింటు దర్జాగా వచ్చేది. ల్యాబ్ అన్నకి ఈ లెక్కలేవీ తెలియవు, ఆయన కంటికి మాత్రం అన్నీ తెలుసు.

2010లో ప్రపంచం మొత్తం మీద 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు షాపులకి చేరాయి. అదే శిఖరం. 2012లో సోనీ ఆర్ఎక్స్100 వచ్చి జేబులో పట్టే కెమెరాలో ఒక అంగుళం టైపు సెన్సార్ పెట్టింది, 13.2 బై 8.8 మిల్లీమీటర్లు. మేం తెప్ప దగ్గర కోరుకున్నది సరిగ్గా అదే. కానీ అప్పటికే జనం చేతుల్లోకి ఫోన్లు వచ్చేశాయి. ల్యాబ్‌కి పాస్‌పోర్ట్ ఫొటోలు తప్ప వేరే పని లేకుండా పోయింది. నేను హైదరాబాద్ వచ్చేశాను, మాస్టారు రిటైరై ఒంగోలు వెళ్లారు. ఆ రోజుల్లో సీడీల్లో రాసి పెట్టుకున్న ఫొటోలు సగం ఇప్పుడు తెరుచుకోవడం లేదు. అన్న వేసిన ప్రింట్లు ఒక్కటి కూడా చెడలేదు.

*

మంచం మీద ప్రింట్లు చూసి మా సొంత అన్న కొడుకు కూర్చుండిపోయాడు. చెన్నైలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాళ్ల కాలేజీలో ఇప్పుడు పాత డిజీక్యామ్‌లకి గిరాకీ అట. "బాబాయ్, సీసీడీ కలర్సే వేరు, అందుకే ఇలా ఉన్నాయి" అన్నాడు.

నేను అలా అనుకోను, వాడికీ అదే చెప్పాను. సీసీడీ అయినా, ఇప్పటి ఫోన్లలో ఉండే సీమాస్ అయినా సెన్సార్ వెలుతురుని కొలుస్తుందంతే. పిక్సెళ్ల మీద ఉండే ఫిల్టర్లూ, ఆ కంపెనీ వాళ్లు సాఫ్ట్‌వేర్‌లో రాసిన లెక్కలూ కలిసి రంగు తయారుచేస్తాయి. ఆ ఫొటోలు వేరుగా ఉండటానికి కారణం అవి ఒక్క ఎక్స్‌పోజర్‌వి కావడం. నా ఫోన్ రాత్రి పూట ఫొటో తీస్తే వరసగా ఎన్నో ఫ్రేములు తీసి కలిపి, నీడలన్నీ పైకి లేపి, ముఖాలు తెల్లబరిచి ఇస్తుంది. పనితనంలో అది మా చిన్న కెమెరాని ఎప్పుడో దాటిపోయింది, కాదనను. కానీ పోయిన ఏడాది తెప్పోత్సవానికి వెళ్లి ఫోన్‌తో తీస్తే కోనేరు సాయంత్రం ఐదున్నరకి ఉన్నట్టు వచ్చింది. తెప్ప ఎందుకు వెలుగుతోందో ఆ ఫొటోలో అర్థం కాదు. చుట్టూ చీకటి లేకపోతే ఆ బల్బులకి పనేముంది? పాత ప్రింటులో చీకటి చీకటిగానే ఉంది. తీయలేని చోట మా కెమెరా తీయలేనని ఊరుకునేది. ఆ నిజాయితీ నాకు ఇష్టం.

వాడు కెమెరా కావాలన్నాడు. ఇచ్చేశాను. ఐఎస్ఓ 50 మీదనుంచి కదపొద్దని, ఫ్లాష్ ఆపెయ్యమని, ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించి పెట్టుకోమని, ముందు కాశిమేడుకి తెల్లారకుండా వెళ్లమని చెప్పాను. నాలుగు కొత్త రీచార్జబుల్ సెల్స్ వేస్తే లెన్స్ ఇప్పటికీ ఠక్కున బయటికొచ్చింది. చిక్కల్లా కార్డుతోనే. ఆ కెమెరా పాత రకం ఎస్డీ కార్డు మాత్రమే తీసుకుంటుంది, 2 జీబీ దాటితే చదవదు. నా దగ్గరున్నది లాక్ ముక్క విరిగిపోయింది. వాడు రిచీ స్ట్రీట్‌లో అడిగితే 32, 64 చూపించారట. ఎవరి డ్రాయర్లోనైనా 2 జీబీది గానీ, 1 జీబీది గానీ పడి ఉంటే చెప్పండి, కొరియర్ ఖర్చు నాది.